ముందు వరస

ఫేడిమోస్ తను నారగుడ్డతో చేసిన ముఖం తొడుగును భార్య క్లెయిటో చేతికిచ్చాడు. ఎల్లుండి నాటకంలో పిచ్చిపట్టిన రాజు వేషానికి అది.

"చూడవే, అచ్చం సేనాపతి కాదూ? ఏథెన్సంతా వాణ్ణి పిచ్చివాడిగా చూస్తుంది. ఆటయ్యాక ఈ తొడుగు దేవుడి గుడిలో ఎప్పటికీ వేలాడుతుంది."

పిచ్చెక్కిన సైనికుడు ఓడకి అరిష్టమని వాళ్ళ కొడుకు లైకోన్‌ను సముద్రంలోకి తోయించింది ఆ సేనాపతే.

క్లెయిటో బొటనవేలితో తొడుగు కనుబొమను తడిమింది.

"నీ మొహం! సేనాపతికి ఇక్కడ గాటుందా?"

అతను తొడుగు మీదికి వంగి చూశాడు.

"మేక పొడిచిన గాటిది. ఆ కళ్ళు చూడు. పిచ్చి కాదయ్యా, భయం. ఇది మన లైకోన్."

ఫేడిమోస్ కత్తి అందుకున్నాడు. "కోసేసి మళ్ళీ చేస్తాను."

"చెయ్యి వేశావంటే ఊరుకోను. ఆటలో సేనాపతులకి ముందు వరసేగా? పొద్దుగూకేదాకా లేవకూడదుగా? మన బిడ్డ మొహం చూడనీ వాణ్ణి."

ఆమె లోపలికి వెళ్ళి పెట్టె తెచ్చింది. కొడుకు పోయిన కబురు విని కత్తిరించుకున్న జడ అందులో ఉంది. ఆచారం ప్రకారం దాన్ని సమాధి మీద ఉంచాలి; సముద్రంలో పోయినవాడికి సమాధి లేక దాచింది.

"తొడుగుకి జుట్టు ఇంకా అతికించలేదుగా," అంది.