ఇసుక పట్టీ

దోగిల్ చేతులు తీస్తే చాలు, అతని కారు సణుగుడు మొదలుపెడుతుంది: "స్టీరింగ్ పట్టుకోండి." తనంతట తాను నడిచే బండికి ఈ చాదస్తం ఎందుకో! అందుకే అలాంటి బండ్లు నడిపే చాలామంది లాగే అతనూ, కసరత్తుకు కాలికి కట్టుకునే ఇసుక పట్టీని స్టీరింగుకు తగిలించేవాడు. కారు ఆ బరువును చెయ్యి అనుకుని నోరు మూసుకునేది.

ఆ రాత్రి సొక్చో ఊరి కొండదారిలో ఇంటికి వస్తుంటే ఫోన్లో స్నేహితుడు మాన్‌షిక్ ఒకటే గోల.

"కొత్త బండి కొని చచ్చాను అన్నా. గీత దాటితే గంట, ఆవులిస్తే గంట. పెళ్ళాం కూడా ఇంత..." అని ఠక్కున ఆగాడు. "తప్పైపోయింది అన్నా. వదిన పోయి నెలైనా కాలేదు, నా నోరు పడ."

"ఫర్వాలేదు లేరా," అన్నాడు దోగిల్. నిజంగానే అతనికి ఏమీ అనిపించలేదు.

ఫోన్ పెట్టేశాక కారులో చడీచప్పుడు లేదు. అప్పుడు చూసుకున్నాడు. ఇసుక పట్టీ ఎప్పుడు ఊడిందో, కాళ్ళ దగ్గర పడి ఉంది. తన చేతులు రెండూ ఒళ్ళో ఉన్నాయి. చాలాసేపటి నుంచీ అక్కడే ఉన్నాయి.

అయినా కారు సణగలేదు. తెర మీద, స్టీరింగ్ పట్టుకున్న చేతుల బొమ్మ పచ్చగా వెలుగుతోంది.

మెల్లగా స్టీరింగును తడిమాడు. మంచుగడ్డలా ఉంది. కుడివైపు, పక్కసీటు ఉన్న వైపు, ఒక్కచోట మాత్రం వెచ్చగా తగిలింది. అతను కునికినప్పుడల్లా భార్య పక్కసీటులోంచి చెయ్యి చాపి పట్టుకునేది సరిగ్గా అక్కడే.

దోగిల్ చెయ్యి వెనక్కి తీసుకుని మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

ఇంటికి తిరిగే మలుపు వచ్చింది, దాటిపోయింది. కారు కిక్కురుమనలేదు. అతనూ అనలేదు.