ఆవపిండి నీళ్ళు

ఇరవై నాలుగో చోట కూడా బయటికొచ్చాయి.

మేధ మోకాళ్ళ మీద కూర్చుని, ఆవపిండి కలిపిన నీళ్ళు నేల మీద పోసి అరనిమిషం ఆగింది. ఆ ఘాటుకు తట్టుకోలేక వానపాములు ఒక్కొక్కటే పైకి వచ్చి, పాముపిల్లల్లా మెలికలు తిరుగుతూ ఎగిరెగిరి పడ్డాయి. మామూలు వానపాములు అలా ఎగరవు. ఇవి ఎక్కడినుంచో వచ్చిపడ్డ ఎగిరే రకం.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

అమెరికాలో బెంటన్‌విల్ శివార్లలో ఒక చిన్న ట్రస్టు చూసుకునే ఓక్ అడవి అది. ఏటా రాలే ఆకుల కింద, ఆ తడిలోనే, ఓక్ గింజలు మొలుస్తాయి. ఈ వానపాములు ఆ ఆకుల పొరను ఒక్క వేసవిలో నున్నగా తినేస్తాయి. మిగిలేది ఫిల్టర్లో కాఫీపిప్పి లాంటి మట్టి. అందులో వేరు నిలవదు. పెద్ద చెట్లు పచ్చగానే ఉంటాయి గానీ వాటి తర్వాత రావలసినవి రావు. దీనికి మందు లేదు. ఒకసారి దిగాయంటే అంతే.

ట్రస్టులో మేధ పని మొలకలు లెక్కపెట్టడం. అడవిలో ఇరవై నాలుగు చోట్ల తాళ్ళు కట్టి గళ్ళు చేసుకుంది. ఆరేళ్ళుగా ప్రతి శనివారం పొద్దున్నే బయల్దేరి, సాయంత్రానికి అన్నీ చుట్టి వస్తుంది. వాన పడినా మానలేదు, జ్వరం వచ్చినా మానలేదు. మొదటి ఏడాది మూడు వందల పదకొండు ఓక్ మొలకలు. ఈ ఏడాది తొమ్మిది.

ఎవడో తెచ్చి పడేశాడు. వాడెవడో తెలిస్తే చాలు అనుకుంది.

వాగు దగ్గరికి రాగానే తెలిసింది. ఒడ్డున మడతకుర్చీ, గాలం, పక్కనే ఎరకి వానపాములు తెచ్చుకున్న ప్లాస్టిక్ డబ్బా. డబ్బా అడుగున తడిమట్టి తప్ప ఏమీ లేదు. కుర్చీలో వీరభద్రరావు. ఊళ్ళో తెలుగువాళ్ళందరికీ తెలిసిన మనిషే, ఐటీ కాంట్రాక్టర్. శనివారమైతే ఇక్కడే.

"ఇందులో వర్మ్స్ ఏమయ్యాయి అంకుల్?"

"మిగిలినవి నీళ్ళలో వేసేశా. చేపల్ని పట్టుకుపోవడమేనా, వాటికీ ఏదో ఒకటి పెట్టొద్దూ?" అని నవ్వాడాయన.

మేధ నవ్వలేదు.

"ప్లీజ్, లై చెప్పొద్దు. సిక్స్ ఇయర్స్ నుంచి కౌంట్ చేస్తున్నా నేను. వాటి గుడ్లు ఆవగింజంత ఉంటాయి. మట్టిలో కనిపించవు. బూట్‌కి అంటుకుని ఎంత దూరమైనా పోతాయి. మీరు ఇక్కడ పారేసి, ఆ బూట్లతోనే అడవంతా తిరిగారు."

"ఈ కుర్చీ దాటి నేనెప్పుడు పోయానమ్మా?"

"అందరూ అదే అంటారు."

ఆయన్నీ, కుర్చీనీ, డబ్బానీ కలిపి ఫోటో తీసింది. సాయంత్రం రిపోర్టు రాసి పంపింది. సోమవారానికల్లా వాగు దగ్గర చేపలు పట్టడం నిషేధమని బోర్డు లేచింది. అంతటితో ఆమె కసి తీరలేదు. ఆ ఫోటోను తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో పెట్టి, అడవిని చంపిన మనిషి ఈయనేనని కింద రాసింది.

వారం తిరక్కుండా ఆయన ఎరల రావు అయిపోయాడు. ఎవరింట్లోనో విందులో ఆయన పళ్ళెంలో గరిటెడు నూడుల్స్ వడ్డించి, మీకు బాగా అలవాటైనవే, మొహమాటపడకండి అన్నారట. పక్కనున్న వాళ్ళంతా నవ్వారట. ఆయన భార్య శశికళ తినకుండానే లేచి వెళ్ళి కారులో కూర్చుందట. ఈ సంగతి తెలిసినప్పుడు మేధకు జాలి కలగలేదు. ఇంకా తక్కువే అనుకుంది.

మర్నాడు ఆయన ఫోన్ చేశాడు. కోప్పడతాడేమోనని, రెండింతలు కోప్పడటానికి సిద్ధమై ఎత్తింది. ఆయన అడిగింది ఒక్కటే, ఆ పురుగులు ఉన్నదీ లేనిదీ ఎలా తెలుస్తుందని.

"గ్యాలన్ వాటర్‌లో కప్పులో మూడోవంతు ఆవపిండి. పోసి చూడండి. మీరు చేసిన పని మీకే కనిపిస్తుంది" అని పెట్టేసింది.

అడవంతా నీళ్ళు పోసి చూడటానికి ఆయన ట్రస్టువాళ్ళ దగ్గర అనుమతి తీసుకున్నాడని విని పళ్ళు నూరింది. తప్పు చేసినవాడికి అడవిలో అనుమతేమిటని మేనేజర్‌తో గొడవపడింది కూడా.

మూడు వారాల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన ఆఫీసుకు వచ్చాడు. మనిషి నల్లబడ్డాడు. గోళ్ళు ఆవపిండికి పచ్చబడ్డాయి. మేధ కూర్చోమనలేదు.

"సారీ చెప్పడానికైతే అక్కర్లేదు అంకుల్."

ఆయన ట్రస్టువాళ్ళిచ్చిన అడవి మ్యాపు, ఆమె గళ్ళు కూడా గుర్తుపెట్టి ఉన్నది, ఆమె బల్ల మీద పరిచాడు. నిండా పెన్సిల్ సున్నాలు. తప్పు తనదేనన్నారు కాబట్టి ముందు తన కుర్చీ వేసుకునే చోటు నుంచే మొదలుపెట్టానన్నాడు. అక్కడ ఒక్కటి కూడా లేదు. వాగు పొడుగునా లేదు. తర్వాత దిబ్బలు, లోయ, సైకిళ్ళ బాట, కార్లు ఆపే చోటు. మొత్తం అరవై ఒక్క చోట్ల నీళ్ళు పోశానన్నాడు. గుడ్ల సంగతి నువ్వే చెప్పావు కదా, చోటు మారినప్పుడల్లా బూట్లు కడుక్కునే నడిచానన్నాడు.

"ఇంపాజిబుల్" అని మేధ లేచి నిలబడింది. గొంతు కూడా లేచింది. "నేను చూసిన ప్రతి చోటా ఉన్నాయి. ట్వెంటీ ఫోర్ అవుట్ ఆఫ్ ట్వెంటీ ఫోర్. మీరు చూడటం చేతకాక లేవంటున్నారు."

"ఉన్నాయి. నేనూ చూశాను" అన్నాడాయన.

"మరి లేవంటారేంటి?"

ఆయన మ్యాపు మీద మొదటి గడి దగ్గర వేలు పెట్టాడు. ఎత్తకుండా మెల్లగా రెండో గడికి, అక్కణ్ణుంచి మూడో దానికి, అలా ఇరవై నాలుగో దాకా జరిపాడు.

"నువ్వు శనివారం శనివారం నడిచే ఈ దారి మీద తప్ప, ఈ అడవిలో ఇంకెక్కడా ఒక్కటి కూడా లేదమ్మా."