డయలుకు వేసిన తాళం

ఇంటి ఫోనుకు ఎస్టీడీ పెట్టించి చనిపోయిన మొగుడు దేవసహాయం పుణ్యమా అని, ఉదయగిరిలో సగం వీధి సుగుణమ్మ ఇంటి ఫోను మీదే పడేది. రేటు తగ్గుతుందని అర్ధరాత్రే వచ్చి తలుపు బాదేవాళ్లు. పొద్దున్నే ఆత్మకూరు టెలిఫోన్ ఆఫీసుకు పోయి ఎస్టీడీ తీయించేద్దామా అని మనసులోనే అనుకుని, ఆమె డయలుకు తాళమేసి, తాళంచెవి కొంగున ముడేసుకుని పడుకుంది.

హాల్లో డయలు గిర్రుమంది.

"ఎవుర్రా అది? నిద్ర కూడా పోనీరా?" అంటూ లేచొచ్చింది. తలుపు గడియ పెట్టే ఉంది. డయలుకు తాళం వేసే ఉంది.

ఫోను మోగింది. గుంటూరు నుంచి మరిది.

"ఎస్టీడీ తీయించొద్దంట వదినా."

"నేనెవురికీ చెప్పలేదే! నీకెవురు చెప్పినారు?"

"అన్న. ఇప్పుడే ఫోన్ చేసినాడు."

సుగుణమ్మకు ఒళ్లు మండింది. "చచ్చినా ఈ మనిషికి ఫోను పిచ్చి పోలేదే!" అంటూ కొంగు తడుముకుంది.

ముడి వేసింది వేసినట్టే ఉంది. లోపల తాళంచెవి లేదు.