ఫోటోలో చోటు

"అలా నిలబడిపోయావేంటి బూజమ్మా, నొక్కు," అంది అక్క.

వరండా గోడ కింద ముగ్గురూ సర్దుకుని నిలబడ్డారు. మధ్యలో గైడు సారు, ఒక పక్క సీనియర్ అక్క, ఇంకో పక్క లెక్కలాయన. ఆ డిపార్టుమెంటులో అదొక ఆనవాయితీ. పరిశోధన పేపరు పత్రికకు వెళ్ళే రోజున రాసినవాళ్ళంతా ఆ గోడ కింద ఫోటో దిగుతారు. ఆ ఫోటోనీ పేపరు మొదటి పేజీనీ కలిపి పటం కట్టి గోడకు తగిలిస్తారు. ఎవరు దిగినా తీసేది మాత్రం బూజమ్మే. పరిశోధన కోసం వీధి వీధీ తిరిగి సాలెగూళ్ళు పట్టుకొస్తుంది కనుక అక్క పెట్టిన పేరది. అసలు పేరుతో పిలిచేవాళ్ళు అక్కడ లేరు.

ఆమె ఫోను దించింది.

"సార్, ఇందులో నా పేరు లేదు."

పొగ ఎక్కువున్న వీధుల్లో సాలీడు అల్లిక ఎలా గాడి తప్పుతుందో చెప్పే పేపరు అది. మొదటి పేజీ అక్క చేతిలో ఉంది. పైన మూడే పేర్లు.

సారు నెమ్మదిగానే సర్దిచెప్పారు. గూళ్ళు పోగుచేయడం కష్టమే, కాదన్నదెవరు, చివర కృతజ్ఞతల్లో వేశాం కదా అన్నారు. కొలతలు అక్కవి, లెక్కలు లెక్కలాయనవి, రాత తనది, పేరంటే అలాంటి పనికే పడుతుంది అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు ముగ్గురూ తలో దిక్కు చూశారు.

"నాలుగోది చాలు సార్. చివరే వేయండి."

నోట్లో నాలుక లేదనుకున్న పిల్ల నుంచి వచ్చిన మాట. నిజానికి ఆమెకు కావలసింది పేరు కూడా కాదు. తీసిన ప్రతి ఫోటో అమ్మకు పంపుతుంది. ఇందులో నువ్వెక్కడున్నావే అని అమ్మ అడుగుతుంది. తీసింది నేనే అమ్మా అంటుంది.

"అయితే ఎప్పుడూ బయటేనన్నమాట," అంది అమ్మ కిందటిసారి. నవ్వుతూనే అంది. ఆ నవ్వే ముల్లులా దిగబడిపోయింది.

తగాదా పెద్ద మేడం దగ్గరికి వెళ్ళింది. పేర్ల దగ్గర పేచీలొస్తే తీర్చేది ఆవిడే. ఒక్కొక్కరినీ విడిగా పిలిచి, తలుపు వేసి, ఒకటే ప్రశ్న అడుగుతారని పేరు. పని చేస్తుంటే తప్పు ఎక్కడ జరిగింది అని. చేసిన పని మరిచిపోయినా చేసిన తప్పు మరిచిపోరని ఆవిడ నమ్మకం.

పిలుపు రాకముందే అక్క ఆమె బల్ల దగ్గరికి వచ్చి, కుర్చీ ఉన్నా కూర్చోకుండా నిలబడింది.

"మైక్రోస్కోపు సంగతి ఎవరితోనూ అనలేదు కదూ?"

"లేదక్కా. మాటిచ్చాను కదా."

అక్క ఆమె భుజం తట్టి వెళ్ళిపోయింది.

మేడం గదిలో ఆమె ఎక్కువసేపు లేదు. "గూడును గాజుపలక మీదికి తీసేటప్పుడు ఊపిరి బిగబట్టాలని మొదట్లో తెలీలేదు మేడం," అంది. "నా ఊపిరికే చాలా చిరిగిపోయాయి."

"ఇంకా?"

మైక్రోస్కోపు దగ్గర చేసిన ఇంకో తప్పు నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. "అంతే మేడం."

మేడం ఆమెను పంపేసి మిగతావాళ్ళను ఒక్కొక్కరినే పిలిచారు. తరువాత నలుగురినీ కలిపి కూర్చోబెట్టారు.

ముగ్గురినీ అదే అడిగానన్నారు. తప్పేదో చెప్పలేక ముగ్గురూ నీళ్ళు నమిలారట. ఆపైన ముగ్గురూ నిజమే చెప్పారట. మైక్రోస్కోపులో చూస్తే కళ్ళు లాగుతున్నాయని అక్క కొలతలన్నీ ఆమె చేత చేయించింది. ఉద్యోగం వేటలో పడి లెక్కలాయన లెక్కలు ఆమెకు అప్పగించాడు. చాలాకాలంగా తన కలం కదలడం లేదని, రాసి పెట్టమని సారు ఆమెనే అడిగారు. ముగ్గురూ ఎవరికీ చెప్పొద్దన్నారు. ఆమె చెప్పలేదు. అలా చేసింది తానొక్కరే అని ముగ్గురూ అనుకున్నారు. నా పేరు తీసి ఆ అమ్మాయి పేరు వేయండి, మిగతా ఇద్దరినీ కదపకండి అని ముగ్గురూ విడివిడిగా బతిమాలారు.

గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు.

"తిలాపాపం తలా పిడికెడు అంటారు. మీరు పంచుకోను కూడా లేదు, ఎవరిది వాళ్ళు దాచుకున్నారు," అన్నారు మేడం. "చేసినవాళ్ళ పేరు తీసేయడం ఎంత తప్పో, చేయనివాళ్ళ పేరు ఉంచడమూ అంతే. దీని మీద ఇక ఒక్క పేరే ఉంటుంది."

బూజమ్మ లేచి నిలబడింది. "నేనడిగింది నాలుగోదే మేడం."

"ముందు ముగ్గురు లేకపోతే నాలుగోది ఎక్కడి నుంచి వస్తుందమ్మా?"

పేపరు వెళ్ళే రోజు వచ్చింది. పేరు లేకపోతే మానె, వచ్చి పక్కన నిలబడండి అని ఆమె ముగ్గురికీ చెప్పింది. ముగ్గురూ సరేనన్నారు. తీరా వేళకు అక్క తలనొప్పని ఇంటికెళ్ళింది. లెక్కలాయన పక్క మెట్ల మీదుగా దిగిపోయాడు. సారు గది లోపల గడియ పెట్టి ఉంది, తలుపు కింద వెలుతురు కనిపిస్తోంది. ఎవరికీ ఆమె మీద కోపం లేదు. ముఖం చెల్లలేదు, అంతే.

ఆమె వెళ్ళి గోడ కింద నిలబడింది. తెలియకుండానే ఒక చివర నిలబడి, పక్కన ముగ్గురికి చోటు వదిలింది. జుట్టు సరిచేసుకుంది. అమ్మ అడిగేదానికి ఈసారి జవాబు ఉందనుకుంటూ నవ్వు తెచ్చుకుని ఎదురుగా చూసింది.

ఎదురుగా ఎవరూ లేరు. ఫోను, ఎప్పటిలాగే, ఆమె చేతిలోనే ఉంది.