షిగెనో గొంతు

అసాకుసా సినిమాహాలులో మూకీ బొమ్మ ఆడుతుంటే, తెర పక్కన నిలబడి అన్ని పాత్రల మాటలూ పలికే మహానుభావులు రైయో గారు. వారి పక్కన వేణువూదే అల్పజీవిని నేను.

నాటకాల్లోంచి వచ్చిన నటి షిగెనో, తన మొదటి బొమ్మ ఆడే రోజున ఆయన్ని పట్టుకుంది.

"గురువుగారూ, తెరమీద నేను చచ్చిపోయేటప్పటి మాటొక్కటి నన్ను చెప్పనివ్వండి. కంపెనీ పెద్దలొచ్చారు. ఈ గొంతు వింటే నన్ను కథానాయికను చేస్తారు."

"చెప్పుకో తల్లీ. పొద్దుట్నుంచి నలుగుర్ని చంపాను, గొంతెండిపోయింది."

తెర వెనక నుంచి ఆమె, "అమ్మా, నన్నింటికి తీసుకుపో" అంది. నా వేణువు కర్తవ్యం మరిచింది.

"ఎవరది? ఆ పిల్ల గొంతు అలా ఉండదు" అని జనం గోల చేశారు.

రైయో గారు దగ్గి, అదే మాట పలికారు. కంపెనీ పెద్దలతో సహా హాలంతా వెక్కి ఏడ్చింది.

ఆటయ్యాక తెర వెనక్కి వెళ్తే, షిగెనో కూడా కళ్ళు తుడుచుకుంటోంది.

"నిజమేనండీ," అంది. "ఆ పిల్లకి ఆయన గొంతే బాగుంది."