ఒక్క కీబోర్డు అమ్మితే

ఇంకో రెండు గంటల్లో ఒక్క కీబోర్డైనా అమ్ముడుపోకపోతే ఎల్లేష్ దుకాణం మూతపడుతుంది.

గడువు పెట్టింది వాళ్ల బాపు లింగస్వామి. హాలియాలో వరి పండించే మనిషి. "నాలుగు నెలలాయె. మౌసులు, ఛార్జర్లు అమ్మి ఎన్నొద్దులు బతుకుతవ్‌రా? శనివారం ఆరు గంటల లోపల గా పెద్ద కీబోర్డు ఒక్కటన్న అమ్ము. లేకుంటే సోమవారం సంది మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీల కొలువు. మాట్లాడి పెట్టిన" అని తేల్చేశాడు.

ఇవాళే శనివారం. నల్లగొండ గడియారం సెంటర్ పక్క సందులో నాలుగు గంటలవుతోంది. అద్దాల బీరువాలో ఉన్న మెకానికల్ కీబోర్డులు రోజూ దుమ్ము తుడిపించుకోవడమే తప్ప ఒక్కటీ కిందికి దిగలేదు.

అప్పుడొచ్చారు ఇద్దరు. ముందు భుజాన సంచితో ఒక అమ్మాయి, వెనక ఆమె మేనత్త.

"మెకానికల్ కీబోర్డులున్నయా? పొద్దంత టైపింగ్ పని. సాయంత్రం ఆటలు. రెండింటికీ పనికొచ్చే స్విచ్‌లు కావాలె" అంది అమ్మాయి.

ఎల్లేష్ గుండె గంతేసింది. నాలుగు నెలల్లో ఈ దుకాణానికొచ్చి స్విచ్ అడిగినవాళ్లంతా ట్యూబులైటుకు అడిగినవాళ్లే!

కీబోర్డు మీటల కింద ఉండే రంగురంగుల స్విచ్‌లు బిగించిన చిన్న పలకను కౌంటర్ మీద పెట్టాడు. "చూడుండ్రి. నీలంది నొక్కితే టిక్కుమంటది. టైపింగ్‌కు మస్తుంటది గని ఇంట్ల ఒక్కరు పండుకోరు. ఎర్రది సాఫుగ దిగుతది, సప్పుడు తక్కువ. ఆటలకు గదే. గోధుమరంగుది నడుమ రకం. వేలికి జర తగులుతది, చెవికి తగలది."

మేనత్త బిక్షమ్మ నీలం స్విచ్ నొక్కింది. టిక్. మళ్లీ నొక్కింది. టిక్ టిక్. ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఓ మనస్వినీ, గిది పల్లికాయ ఒల్చినట్టే ఉందే!" ఇక ఆపితే ఒట్టు.

మనస్విని ఎర్ర స్విచ్‌లతో ఆడి చూస్తానంది. ఎల్లేష్ రెండు కంప్యూటర్లు కలిపాడు. తుపాకుల ఆట. మొదటి నిమిషంలోనే ఎల్లేష్ చచ్చాడు. రెండోసారీ చచ్చాడు. మూడోసారి తన బాంబు తన కాళ్ల మీదే వేసుకుని చచ్చాడు. పొట్ట పట్టుకుని నవ్వాడు.

"గింత మంచిగ ఆడెటోళ్లకు ఏ స్విచ్ అయినా ఒకటే, దండం పెడ్త!" అన్నాడు.

మనస్విని కుర్చీలో గిర్రున తిరిగింది. బిక్షమ్మకు ఆట ఏం అర్థమైందో ఏమో, టిక్ టిక్ నొక్కుతూ వాళ్లిద్దర్నీ చూస్తూ కూర్చుంది. నీలం, ఎరుపు, గోధుమ, మళ్లీ నీలం. గంట గడిచింది. ఎల్లేష్‌కు గడువే గుర్తు లేదు.

"మరి ఖరాబైతే తెస్తే చేస్తవా బిడ్డా? వచ్చే ఏడు గీడనే ఉంటవా?" అని అడిగింది బిక్షమ్మ.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పాడు నోరు, నిజమే చెప్పింది.

"ఆరు లోపల ఒక్కటి అమ్మితే ఉంట పెద్దమ్మా. లేకుంటే సోమవారం సంది సిమెంటు ఫ్యాక్టరీల ఉంట. మా బాపు షరతు."

మనస్విని నవ్వు ఆగిపోయింది. "మీకేది ఇష్టం?"

"గిదే. గీ టిక్కుటిక్కులే."

ఆమె బీరువాలో అన్నిటికన్నా పైన ఉన్న కీబోర్డు వైపు వేలు చూపింది. "అయితే గది ఇయ్యుండ్రి. గోధుమరంగు స్విచ్‌లతోటి."

ఎల్లేష్‌కు ఎగరాలనిపించింది. స్టూలెక్కి పెట్టె దించాడు. దించినవాడు ఊరుకోవచ్చుగా!

"ఇప్పుడున్న దానికి ఏమైంది?" అని అడిగాడు.

మనస్విని సంచిలోంచి తన కీబోర్డు తీసింది. అదీ గోధుమరంగు స్విచ్‌లదే. "ఒక్క 'క' కొడితే రెండు పడుతున్నయి."

ఎల్లేష్ చిన్న పట్టుకారుతో ఆ ఒక్క స్విచ్ ఊడబీకాడు. కొత్తది నొక్కిపెట్టాడు. కంప్యూటర్‌కు తగిలించి కొట్టి చూపాడు. ఒక్క 'క'నే పడింది.

"అయిపాయె. ఇంకో ఐదేండ్లు ఫికర్ లేదు. కొత్తది దండుగ."

అనేశాక గానీ తనేం అన్నాడో తనకు తెలియలేదు. బిక్షమ్మ టిక్ టిక్ ఆపేసింది.

"మరి నీ దుకాణమో, బిడ్డా?"

"మంచిగున్నదాన్ని ఖరాబైందని చెప్పి కొత్తది అమ్మబుద్ధి కాదు పెద్దమ్మా. గీ ఒక్క స్విచ్‌కు పైసలు కూడ వద్దు, తీస్కపోండ్రి."

మేనత్తా మేనకోడలూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. కీబోర్డు సంచిలో పెట్టుకుని గబగబా మెట్లు దిగిపోయారు. వస్తామని కూడా అనలేదు. ఎల్లేష్‌కు తన మీద తనకే కోపమొచ్చింది. ఆ వెంటనే ఆటలో తన కాళ్ల మీదే వేసుకున్న బాంబు తలపుకొచ్చి నవ్వూ వచ్చింది. దించిన పెట్టెను మళ్లీ పైన పెట్టాడు.

ఆరయింది. ఎవ్వరూ రాలేదు. షట్టర్ సగం దించేసరికి బాపు ఫోను.

"దుకాణం మూసినవారా?"

"మూస్తున్న బాపూ. ఒక్కటి అమ్మలే."

"మూయకు."

"మాట మాటే బాపూ. ఇద్దరొచ్చిండ్రు, గంటన్నర చూసిండ్రు, కొనకుంటనే పోయిండ్రు."

అవతల లింగస్వామి గొంతు సవరించుకున్నాడు.

"ముందే చెప్తే కొత్తంగి తొడుక్కొని నటిస్తవని చెప్పలేదురా, వాళ్లు వచ్చింది పెండ్లికొడుకును చూసెటందుకు, పిల్లకు నువ్వు నచ్చినవంట, గని దుకాణం మూస్తే మాత్రం సంబంధం వద్దంటాంది!"