మనుషుల్లేని ఫొటోలు

“అక్కడ కూర్చోకు!”

పెళ్ళయిన పంతొమ్మిదేళ్ళలో భర్త అంత గట్టిగా అరవడం ఆమె ఎప్పుడూ వినలేదు. ఉలిక్కిపడి లేచింది. ఆమె కూర్చున్నది సముద్రపు ఒడ్డున ఒక నల్లటి బండ మీద. ప్రమాదమేమీ లేదు. అల వచ్చినా పాదాలు తడిస్తే గొప్ప.

“ఒక్క ఫొటో తీస్తారేమోనని కూర్చున్నాను. ఇప్పుడేం మునిగిపోయింది?”

“ఏం లేదు. పక్కకి రా. ఫ్రేములో మనుషులొద్దు.”

ఆమె మొహం మాడ్చుకుని కారు దగ్గరికి వెళ్ళిపోయింది. క్యారేజీ విప్పలేదు. అతను స్టాండు మీద కెమెరా బిగించి, బండ మీద సరిగ్గా ఎండ పడేదాకా గంటసేపు నిలబడ్డాడు. ఒకే ఒక్క ఫొటో తీశాడు.

వాళ్ళ ఆదివారాలన్నీ ఇంతే. పొద్దున్నే ఫ్లాస్కులో టీ, క్యారేజీలో భోజనం, వెనక సీట్లో స్టాండు. ఒక వారం సముద్రం, ఒక వారం పొలాలు. రెల్లు పూసిన రైలుకట్ట. క్వారీ గుంటలో నిలిచిన పచ్చటి నీళ్ళు. మైదానంలో ఒంటరి చెట్టు. చెట్టు మీద కాకి వాలినా సరే, అది ఎగిరిపోయేదాకా ఆగుతాడు. ఒక చోటికి ఒకే ఫొటో. మళ్ళీ ఆ వైపు వెళ్ళడు.

వారమంతా అతను చేసే ఉద్యోగమూ ఫొటోలు తియ్యడమే. ఆఫీసు ఫైళ్ళలో అతికించడానికి.

“ఆరు రోజులు మోసింది చాలక ఏడోరోజు కూడా కెమెరాయేనా? వంటమనిషి సెలవు పెట్టి ఇంట్లో వంట చేసుకున్నట్టుంది,” అని ఆమె వేళాకోళం చేసేది. అతను నవ్వి ఊరుకునేవాడు. ఆఫీసు సంగతులు ఇంట్లో ఎత్తడు. అడిగీ అడిగీ ఆమె కూడా మానేసింది.

ఒక్క విషయం మాత్రం ఆమెకి వింతగా ఉండేది. బోర్డు లేని మట్టిదారుల్లో కూడా అతను ఎవరినీ దారి అడగడు.

“ఇంతకుముందు వచ్చారా ఇక్కడికి?”

“ఆఫీసు పని మీద.”

“ఇంత మంచి చోట్లకి పంపే ఆఫీసయితే నాకూ ఒక ఉద్యోగం చూసిపెట్టండి.”

అతను స్టాండు తీసుకుని కారు దిగాడు.

అయినా ఆమె విసుక్కుంటూనే ప్రతి ఆదివారం క్యారేజీ కట్టేది. అలా వెళ్ళొచ్చిన రోజు మాత్రమే అతను కలవరింతలు లేకుండా నిద్రపోయేవాడు మరి.

హాల్లో గోడ నిండిపోయింది. మొత్తం పదిహేడు ఫొటోలు. అన్నిటికీ ఫ్రేములు కట్టించింది ఆమే. పక్కింటి పిన్నిగారు వచ్చినప్పుడల్లా వాటి ముందు నిలబడిపోయేది. “మీ ఆయన చెయ్యి బంగారమే తల్లీ! ఎంత ప్రశాంతంగా ఉన్నాయో. ఒక్క నరపురుగు లేదు.”

బండ ఫొటో అన్నిటికంటే పెద్దది. చీవాట్లు తిన్నా ఆమెకి అదే ఇష్టం. సోఫా పైన, కిటికీ పక్కన పెట్టించింది.

ఒక శనివారం మధ్యాహ్నం కర్టెన్లు కుట్టే ఆవిడ కొలతలకి వచ్చింది. యాభై దాటిన మనిషి. మెడలో టేపు, చెవి వెనక పెన్సిలు. ఒక కిటికీ కొలిచి, చీటీ మీద రాసుకుని, రెండోదాని కోసం సోఫా వైపు తిరిగింది. అక్కడే ఆగిపోయింది.

“ఇదెవరు తీశారమ్మా?”

“మా ఆయనే. బాగుందా?”

ఆవిడ దగ్గరికి వెళ్ళింది. అద్దం మీద వేలు పెట్టి బండ అంచు వెంట నెమ్మదిగా జరిపింది.

“ఇంత బాగుంటుందా అక్కడ?” అంది, తనలో తను అనుకున్నట్టు. “నేను వెళ్ళిన రోజు నాకేమీ కనపళ్ళేదు.”

ఆమెకి అర్థం కాలేదు. ఆవిడ మొహం చూసి, మంచినీళ్ళు తెద్దామని లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి భర్త గుమ్మంలో ఉన్నాడు. ఆవిడనే చూస్తున్నాడు. చేతిలోంచి కూరల సంచి జారింది. టమాటాలు హాలంతా దొర్లాయి. ఎవరూ ఏరలేదు.

“మీరా సార్!” అందావిడ.

అతను చెప్పులు కూడా విప్పకుండా సోఫా ఎక్కి ఫొటో దించాడు. దుమ్ము తుడిచాడు. పాత పేపరు చుట్టి పురికొస కట్టాడు. ముడి మూడోసారికి గానీ పడలేదు. ఆవిడ చేతికిచ్చాడు.

“ఇందులో ఏమీ లేదు కదా సార్?”

“ఏమీ లేదమ్మా. రాయీ, నీళ్ళూ. అంతే. ఎంతసేపైనా చూసుకోవచ్చు.”

ఆవిడ దాన్ని రెండు చేతులతో గుండెకి ఆనించుకుని వెళ్ళిపోయింది. రెండో కిటికీ కొలవనేలేదు.

ఆమెకి ఒళ్ళు మండింది. “ఇచ్చెయ్యడానికి నాకిష్టమైనదే దొరికిందా? ఎవరావిడ? మీకెలా తెలుసు?”

అతను వంగి టమాటాలు ఒక్కొక్కటే ఏరాడు. చితికినవి వేరే పెట్టాడు. సంచి బల్ల మీద పెట్టి, సోఫా చివర కూర్చున్నాడు.

“ఆవిడ కూతుర్ని ఒకసారి చూశాను.”

“ఎక్కడ?”

అతను గోడ మీద మేకు మిగిలిన ఖాళీ వైపు చూశాడు. తర్వాత మిగతా పదహారు ఫొటోల వైపు, ఒకదాని తర్వాత ఒకటిగా చూశాడు.

“ఇవన్నీ నేను రెండోసారి వెళ్ళి తీసినవి. మొదటిసారి పోలీసు జీపులో వెళ్ళి తీసినప్పుడు, ప్రతిదాంట్లోనూ ఒక శవం ఉంది.”